పెరట్లో వెలసిన చెరువు

మా ఇల్లు ఒక చెరువును ఆక్రమించి కట్టినదని పురపాలక సంఘం వారు తేల్చారు. ఆ చెరువు మా పెరట్లోనే ఉంది. మా మామగారు తవ్వించి, గచ్చు చేయించి, నీలం పలకలు పరిపించి, కొళాయి నీళ్ళతో నింపినదే. వయసులో ఇంటికంటే నాలుగేళ్ళు చిన్నది. ఈ సంగతులన్నీ అధికారులకు వివరంగా చెప్పాను. వాళ్ళు ఎంతో మర్యాదగా విన్నారు.

మామగారికి ఊళ్ళో సినిమా హాలుండేది. ఆడిన ప్రతి సినిమాలోనూ డబ్బున్నవాడి ఇంట్లో ఈత కొలను కనిపించేసరికి, తనకీ డబ్బుంది గనక తనకీ కొలనుండాలని ఆయన తీర్మానించుకున్నారు. ఒక పక్క ఛాతీ లోతు, రెండో పక్క మనిషి మునిగే లోతు. దిగటానికి మెట్లు, దూకటానికి ఒక చెక్క. కట్టించిన తర్వాత ఆయన ఒక్కసారే దిగారట, జలుబు చేసిందట. ఆ తర్వాత అది వాళ్ళమ్మాయి ఇందుమతి సొంతమైపోయింది. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు ఆవిడ తడి జడతోనే వచ్చి నాకు కాఫీ ఇచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణం వాణ్ణి, బకెట్టు దాటిన నీళ్ళంటే భయం ఉన్నవాణ్ణి. అయినా సరేనన్నాను, ఇంతవరకు విచారించలేదు.

కిందటి వేసవిలో ఒక పెళ్ళికి వెళ్ళి, కల్యాణమండపం మెట్ల మీద జారిపడి ఇందుమతి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను బాగానే జరిగింది గాని కాలు మొండికేసింది. వాకరు పట్టుకుని మంచం దగ్గర్నుంచి వంటింటికి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఎముకల డాక్టరు చూసి, "ఛాతీ లోతు గోరువెచ్చటి నీళ్ళలో రోజూ నడవాలమ్మా. బరువంతా నీళ్ళే మోస్తాయి. ఈ వానాకాలం దాటనిచ్చారంటే కండ బిగుసుకుపోతుంది, ఇక ఎప్పటికీ ఈ వాకరే" అన్నాడు.

"మా ఇంట్లోనే ఉంది డాక్టరుగారూ, మా నాన్న కట్టించాడు" అంది ఇందుమతి. పడిన రోజు నుంచి ఆవిడ మొహంలో వెలుగు చూడటం అదే మొదటిసారి. కొలను ఉన్నమాట నిజమే గాని, అందులో నీళ్ళు ఆకుపచ్చగా మారి అప్పటికి చాలాకాలమైంది.

బోరు మోటార్లు బాగుచేసే మస్తాన్ వచ్చి, గొయ్యిలో మూలుగుతున్న పంపు మీద చెయ్యి వేసి చూశాడు. "ఇది మీ పెళ్ళప్పటిదా సార్?"

"అంతకు ముందుది."

"నీళ్ళు తోడట్లేదు సార్ ఇది. నీళ్ళని బతిమాలుకుంటంది."

మొత్తం మార్చాలన్నాడు. కొత్త పంపు, నీళ్ళు వేడిచేసే యంత్రం, ఉప్పు వేస్తే దాన్నుంచే క్లోరిన్ తయారుచేసుకుని నీళ్ళు శుద్ధి చేసుకునే ఇంకో యంత్రం. మూడూ తెప్పించాను. మూడు పెద్ద అట్టపెట్టెలు వరండాలోకి వచ్చాయి. వేడి యంత్రానికి త్రీ ఫేజు కరెంటు కావాలి. కరెంటాఫీసువాళ్ళు, పాత కొలను గనక మున్సిపాలిటీ నుంచి అభ్యంతరం లేదని కాగితం పట్టుకు రమ్మన్నారు. ఒక్క కాగితమే కదా అని బయల్దేరాను.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా ఊరికి పూర్వం పెద్దచెరువని ఒకటుండేది. దాన్ని కొంచెం కొంచెంగా పూడ్చి బస్టాండు కట్టారు, రెండు ఫంక్షన్ హాళ్ళు కట్టారు, కాలనీ వేశారు, చివరికి మున్సిపల్ ఆఫీసు కూడా అందులోనే కట్టుకున్నారు. గట్టిగా వానపడితే ఆ ఆఫీసులో గుమాస్తాలు కాళ్ళు కుర్చీల మీద పెట్టుకుని పనిచేస్తారు. ఊళ్ళో చెరువన్నది లేకుండా పోయాక, పైనుంచి "పట్టణానికో చెరువు" అని పథకం వచ్చింది. ప్రతి ఊరూ ఒక చెరువును కాపాడి చూపించాలి. చూపించని ఊరి కమిషనర్‌కి బదిలీ. మా కమిషనర్ తారకేశ్వర్‌గారు అప్పటికి నాలుగు నెలలుగా కాపాడటానికి చెరువు కోసం వెతుకుతున్నారు.

చెరువుల విభాగం ఏఈ ఫణిభూషణ్ నా దరఖాస్తు చదువుతూ చదువుతూ నిటారుగా కూర్చున్నాడు.

"ఇందులో నీరు నిలుస్తుందాండీ?"

"నిలుస్తుందండీ."

"వర్షాకాలంలో మట్టం పెరుగుతుందా?"

"వానపడితే పెరగదా మరి?"

"వేసవిలో తగ్గుతుందా?"

"తగ్గుతుంది."

"కప్పలు?"

"ఈమధ్య చేరాయండీ. అందుకే కదా శుద్ధి యంత్రం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పానకాలరావుగారూ, ఇంత సజీవమైన జలవనరును ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు. నేను మెచ్చుకుంటున్నాడనుకుని నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడే సర్వేకి వచ్చారు. మెట్లను "రేవు" అని రాసుకున్నారు. నీళ్ళు బయటికి పోయే గొట్టం "తూము". ఎక్కువైన నీళ్ళు పొర్లే సందు "అలుగు". దూకే చెక్కను చాలాసేపు చూసి "శిథిలావస్థలో ఉన్న ప్రాచీన వంతెన" అని తేల్చారు. కొలను చుట్టూ హద్దురాళ్ళు పాతారు. తర్వాత, చెరువుకు నాలుగువైపులా తొమ్మిది మీటర్ల వరకు ఏ కట్టడమూ ఉండకూడదని టేపు పట్టారు. టేపు పెరటి వరండా దాటింది, వంటింట్లోంచి వెళ్ళింది, దేవుడి గది గుమ్మం ఎక్కి దిగింది, హాల్లో సోఫా కిందనుంచి వెళ్ళి వీధి గుమ్మం దగ్గర ఆగింది.

"మీ ఇల్లు యావత్తూ ఆక్రమణలో ఉందండీ" అన్నాడు ఫణిభూషణ్, చావు కబురు చెప్పేవాడి గొంతుతో.

"ఇల్లు ముందు కట్టారయ్యా. కొలను తర్వాత తవ్వారు. ఇల్లెలా ఆక్రమిస్తుంది?"

"ఆక్రమణకు ముందువెనకలు లేవండీ. సదరు చెరువు తవ్వకముందు కూడా అక్కడ చెరువుకు అవకాశం ఉంది. తమరు ఆ అవకాశాన్ని ఆక్రమించారు."

ఇందుమతి వాకరు మీద ఆనుకుని వింటోంది. "ఇల్లు సంగతి తర్వాత చూద్దాం బాబూ. పంపు బిగించుకోనిస్తారా? నాకు నడవాలి" అంది.

అది పరిశీలిస్తామన్నాడు. పరిశీలించారు, ఒక్కో పెట్టెనీ ఒక్కో శాఖ.

పంపును నీటిపారుదల శాఖ చూసింది. చెరువులోంచి మోటారుతో నీళ్ళు పైకి తోడితే దానికి ఎత్తిపోతల పథకం అని పేరట. ఎత్తిపోతల పథకానికి ఆయకట్టు ఉండాలి. పెరట్లో వెతికితే ఒక మునగచెట్టు, రెండు మల్లెపొదలు, కుండీలో కరివేపాకు దొరికాయి. ఆయకట్టుంటే నీటి సంఘం ఉండాలి, సంఘానికి ఎన్నికలుండాలి. మా వరండాలో పోలింగు పెట్టారు. మునగచెట్టు ఇందుమతి పేరున ఉంది గనక ఆవిడ ఓటరు, కరివేపాకు కుండీ నేను కొన్నాను గనక నేను ఓటరు. ఆవిడ నామీద ఏకగ్రీవంగా గెలిచింది. నా ఓటు ఆవిడకే వేశాను, ఆవిడ ఓటూ ఆవిడే వేసుకుంది. కొత్త అధ్యక్షురాలు మొదటి తీర్మానంగా పంపు బిగించమని రాసిస్తే, చివరి ఆయకట్టుదారుకు, అంటే వీధివైపున్న తులసికోటకు, నీరందేదాకా మోటారు మంజూరు కాదని జవాబొచ్చింది.

వేడి యంత్రాన్ని మత్స్యశాఖ ఆపింది. కాపాడిన చెరువులో చేపపిల్లలు వదలాలని పథకంలో ఉంది. ఒక ఉదయం షామియానా వేసి, మైకు పెట్టి, తారకేశ్వర్‌గారు మా కొలనులోకి వెయ్యి చేపపిల్లల్ని వదిలారు. "ఈ మత్స్యసంపద రాబోయే తరాలకు మనమిచ్చే ఆస్తి. ఈ జలరాశిని తన గర్భంలో దాచుకున్న ఈ ఇంటికి, ఈ ఇంటిని తొలగించబోతున్న మన సిబ్బందికి నా అభినందనలు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను. చేపలుండగా నీళ్ళు వేడిచేస్తే పులుసు వండినట్టవుతుందని, అది జీవహింస కిందికి వస్తుందని మత్స్యశాఖ రాసింది.

శుద్ధి యంత్రం దగ్గర మాత్రం నాకు కొంచెం ఆశ కలిగింది. నీళ్ళు శుభ్రం చేస్తానంటే కాదనేవాడెవడు? ఎవరూ కాదనలేదు. అయితే శుద్ధి చేసిన చెరువు మంచినీటి చెరువవుతుందట. మంచినీటి చెరువులో మనుషులు దిగటం నేరమట. యంత్రం బిగించకముందే "ఇచ్చట స్నానము చేయుట, బట్టలు ఉతుకుట, పశువులను కడుగుట నిషేధము" అని బోర్డు పెట్టేశారు. పెట్టి, బోర్డుకు కాపలాగా ఒక లష్కరును కూడా వేశారు. కాలవల మీదా చెరువుల మీదా కాపలా ఉండేవాణ్ణి లష్కరంటారు. మావాడు పెరట్లో కుర్చీ వేసుకుని, మా వంటింట్లో కాఫీ తాగి, మేము కొలనువైపు అడుగేస్తే ఈల వేసేవాడు.

ఒక సాయంత్రం ఇందుమతి వాకరు పక్కన పెట్టి, మొదటి మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టింది. ఈల మోగింది.

"కాలేగా నాయనా" అంది ఇందుమతి.

"కాలైనా సరేనమ్మా, ఒంట్లోదేగా. నా ఉద్యోగం పోద్ది."

ఆవిడ కాలు తీసుకుంది. వాళ్ళ నాన్న కొలను, ఆవిడ ఈదిన నీళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఈల లాక్కుని చేపలకు వేద్దామనిపించింది. కాని లష్కరు నాకంటే రెండింతలున్నాడు. లోపలికి వచ్చి, అట్టపెట్టెల మీద దుమ్ము దులుపుతూ కూర్చున్నాను.

శ్రావణంలో నోటీసు వచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యాలి. మేము చెరువు నిర్వాసితులం. పునరావాసం చూపిస్తానని ఫణిభూషణ్ జీపెక్కించుకుని తీసుకెళ్ళాడు. "నిబంధనల ప్రకారం మీకు ఏ చెరువుతోనూ సంబంధం లేని చోటే ఇవ్వాలండీ. చాలా వెతికి ఎంపిక చేశాం" అన్నాడు. జీపు బస్టాండు దాటి, గట్టు వీధి, తూము సందు, అలుగు సెంటరు మీదుగా వెళ్ళి, పల్లంలో ఉన్న ఒక కాలనీలో ఆగింది.

"ఫణిభూషణ్‌గారూ, ఇది పెద్దచెరువు కాదుటండీ?"

"కాలనీ పేరు పెద్దచెరువు కాలనీ అండీ. రికార్డుల్లో మాత్రం ఇది మెట్టభూమి. ఇక్కడ చెరువు ఉండేదనటానికి కాగితమేదీ లేదు."

"పేర్లన్నీ చెరువు పేర్లేగా."

"పేర్లు ప్రజలు పెట్టుకున్నవండీ. శాఖకు సంబంధం లేదు."

చిన్న ఇల్లు. ముందు హాలు, వెనక రెండు గదులు, పైన ఒక అటక. డాబా మీదికి మెట్లున్నాయి. సామానుతో పాటు మూడు అట్టపెట్టెలూ తెచ్చాం. వాటిని అమ్మేద్దామన్నాను. "వద్దండీ, అటక మీద పెట్టండి" అంది ఇందుమతి. ఆశతో అన్నదో, బెంగతో అన్నదో నేను అడగలేదు. వాన మబ్బులు పట్టేసరికి ఆవిడ వాకరుతో కూడా హాలు దాటలేకపోతోంది.

మా పాత ఇంటిని మాత్రం కూల్చలేదు. చెరువును దగ్గరుండి చూసుకోవాలని మున్సిపల్ ఆఫీసును అందులోకి మార్చారు. నేల మెరకగా ఉందని, వాన వచ్చినా కాళ్ళు కింద పెట్టుకుని పనిచేసుకోవచ్చని గుమాస్తాలు చాలా సంతోషించారట. ఆక్రమణ సంగతి ఏమైందని నేనడిగితే, ఆక్రమణను ప్రభుత్వం ఆక్రమిస్తే అది స్వాధీనం అవుతుందని ఫణిభూషణ్ చెప్పాడు. తారకేశ్వర్‌గారి బల్ల మా దేవుడి గదిలో వేశారు.

తుఫాను వచ్చింది. మొదటిరోజు వీధిలో నీళ్ళు నిలిచాయి. రెండోరోజు స్నానాల గది తూములోంచి నీళ్ళు బుడబుడలాడుతూ ఇంట్లోకి వచ్చాయి. పెద్దచెరువుకి కాగితాల సంగతి తెలియదు కదా, ఎప్పటిలాగే తన చోటికి తాను వచ్చింది. కరెంటు మెయిను ఆపేసి, ఇరుగుపొరుగు సాయంతో ఇందుమతిని డాబా మీది రేకుల షెడ్డులోకి చేర్చాను. మూడోరోజుకి వాన వెలిసి ఎండ కాసింది. నీళ్ళు కదలకుండా నిలబడిపోయాయి.

డాబా మెట్లు నేరుగా హాల్లోకి దిగుతాయి. ఇందుమతి పైమెట్టు మీద కూర్చుని కిందికి చూస్తోంది.

"ఏవండీ, అది ఛాతీ లోతుంటుందంటారా?"

"పిచ్చా నీకు? అవేం నీళ్ళనుకున్నావు? పాములుంటాయి."

"ఆకుపచ్చగా లేవుగా. మీరు ముందు దిగండి, చూద్దాం."

నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నన్ను నీళ్ళలోకి దిగమనటం అదే మొదలు. బకెట్టు దాటిన నీళ్ళలోకి నేను దిగటమూ అదే మొదలు. కర్రతో నాలుగు మూలలా పొడిచి చూశాను. నీళ్ళు నా ఛాతీ దగ్గర ఆగాయి. చెయ్యి అందించాను. ఆవిడ మెట్టు మెట్టుగా దిగి, కిటికీ ఊచ పట్టుకుని, మొండికేసిన కాలు నేల మీద ఆనించింది. నొప్పికి మూలుగుతుందనుకున్నాను. మూలగలేదు.

"మోస్తున్నాయండీ" అంది.

ఒక ఊచ నుంచి ఇంకో ఊచకు, కిటికీ నుంచి టీవీ స్టాండుకు, అక్కణ్ణుంచి తలుపుకు నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. నేను వెనకాలే బాతులా తిరుగుతున్నాను. నాకు ఏడుపొచ్చింది. మొహం ఎలాగూ తడిసే ఉంది గనక దాచుకోలేదు.

ఆ సమయంలోనే ఫణిభూషణ్ పడవ మీద వచ్చాడు. వీధి తలుపు తీసే ఉంది గనక పడవ ముక్కు నేరుగా మా హాల్లోకి వచ్చింది. ఒంటి మీద రబ్బరు కోటు, చేతిలో ఫైలు.

"నష్టం రాయటానికి వచ్చారా?" అన్నాను.

"ముంపు నష్టం రాయటానికి వీల్లేదండీ. ముంపంటే చెరువు పొంగాలి. ఇక్కడ చెరువు లేదు. లేని చెరువు పొంగదు."

"మరి మేము నిలబడ్డ ఈ నీళ్ళేమిటయ్యా?"

ఆయన నాలుగువైపులా చూశాడు. గోడలు చూశాడు, కింద పలకలున్నాయా అని కాలి కింద తడిమి చెప్పమన్నాడు. ఉన్నాయన్నాను. దిగటానికి మెట్లున్నాయని రాసుకున్నాడు. లోతు అడిగాడు. ఊచ పట్టుకుని నడుస్తున్న ఇందుమతిని చూపించి, "అమ్మగారు ఏం చేస్తున్నారు?" అన్నాడు.

"వ్యాయామం."

ఆయన మొహం తేటపడింది. "చూశారా, సమస్య లేదు. నాలుగు గోడల మధ్య, గచ్చు నేల మీద, మెట్లతో, వ్యాయామం నిమిత్తం నిలవ ఉన్న ఛాతీ లోతు నీరు. ఇది ఈత కొలను. ఇంటి కొలను. పూర్తిగా ప్రైవేటు." రాసుకుంటూనే కనుబొమలు ముడిచాడు. "కాకపోతే పరిస్థితి దారుణంగా ఉందండీ. పంపు లేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. శుద్ధి ఏర్పాటే లేదు. చదువుకున్నవారు, కొలను ఇలా ఉంచుకుంటారా? ఈ మూడు యంత్రాలూ తక్షణం బిగించకపోతే సీలు వెయ్యాల్సి వస్తుంది."

నేను హాల్లోని అటకవైపు వేలు చూపించాను. మూడు అట్టపెట్టెలూ పొడిపొడిగా, వరసగా ఉన్నాయి. ఆయన వాటి మీది అక్షరాలు పైకి చదివాడు. పంపు, వేడి యంత్రం, శుద్ధి యంత్రం.

"పౌరుల్లో ఇంత ముందుచూపు నేను చూడలేదండీ" అన్నాడు. పడవలోనే ఫైలు ఒళ్ళో పెట్టుకుని, అభ్యంతరం లేదని కాగితం రాసి, సంతకం చేసి, ముద్ర వేసి నాకు అందించాడు. వేసవి నుంచి నేను తిరిగింది ఆ కాగితం కోసమే. తడవకుండా నెత్తిమీద పెట్టుకున్నాను.

ఇందుమతి తలుపు దగ్గరికి వచ్చేసరికి పడవ అడ్డమైంది.

"బాబూ, ఆ పడవ కాస్త పక్కకి జరుపు. నేను వెనక్కి మళ్ళాలి."

ఫణిభూషణ్ తెడ్డు వేసి వెనక్కి జరిగాడు. అక్కడ పట్టుకోవటానికి ఊచ లేదు. ఇందుమతి రెండు చేతులూ నీళ్ళ మీద చాపి, దేన్నీ పట్టుకోకుండా, తనంతట తనే వెనక్కి తిరిగి నడిచింది.